మల్టీవేరియబుల్ కాలిక్యులస్‌కు వన్ టు వన్ ట్యూషన్: ట్యూటర్‌ని వెతకడం నుంచి పరీక్ష ముందు రోజు దాకా

"సార్, ఎం-వన్ మ్యాథ్స్ పేపర్‌లో రెండు యూనిట్లు అసలు ఎక్కడం లేదు. ఎవరి దగ్గరైనా విడిగా చెప్పించుకుంటే వస్తుందా?" బీటెక్ ఫస్టియర్ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ప్రతి సెమిస్టర్‌లోనూ నన్ను అడిగే ప్రశ్న ఇది. వస్తుంది. కానీ మంచి ట్యూటర్ దొరికినా నెల తర్వాత ఉన్నచోటే ఉన్న పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్లందరిలో నేను గమనించింది ఒకటే: గంటసేపూ పెన్ను ట్యూటర్ చేతిలోనే ఉంది. చూస్తున్నంతసేపు అర్థమైనట్టే ఉంటుంది. ఇంటికొచ్చి తెల్లకాగితం ముందు కూర్చుంటే మొదటి లైను కూడా కదలదు.

అందుకే ఇక్కడ ట్యూటర్‌ని ఎలా వెతకాలో తక్కువ, ఆ గంటను ఎలా వాడుకోవాలో ఎక్కువ చెబుతాను. మల్టీవేరియబుల్ కాలిక్యులస్ అంటే ఇవే: పార్షియల్ డెరివేటివ్స్, మాక్సిమా మినిమా, డబుల్, ట్రిపుల్ ఇంటిగ్రల్స్, వెక్టర్ కాలిక్యులస్. మీ కాలేజీలో ఇవి ఎం-వన్‌లో ఉన్నా, ఎం-టూలో ఉన్నా, అమెరికాలో కాల్క్ త్రీ పేరుతో ఉన్నా పద్ధతి ఒకటే.

1. ముందు లోపం ఎక్కడుందో పట్టుకోండి

ట్యూటర్‌కి ఫోన్ చేయకముందే ఈ పని చేయండి. ఒక తెల్లకాగితం, ముప్పావుగంట సమయం తీసుకోండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి. కింది ఏడూ చూడకుండా చేయండి.

☐ వై = ఎక్స్ స్క్వేర్, వై = ఎక్స్ ప్లస్ 2. రెండూ ఒకే గ్రాఫ్ మీద గీసి, ఎక్కడ కలుస్తాయో రాయండి. (మైనస్ 1, 1), (2, 4) రావాలి.
☐ ఎక్స్ ఇంటు ఈ-పవర్ ఎక్స్ స్క్వేర్‌ని ఇంటిగ్రేట్ చేయండి.
☐ కాస్ స్క్వేర్ తీటాని 0 నుంచి పై బై 2 దాకా ఇంటిగ్రేట్ చేయండి. పై బై 4 రావాలి.
☐ సైన్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్‌ని డిఫరెన్షియేట్ చేయండి.
☐ ఎక్స్ ప్లస్ వై ప్లస్ జెడ్ = 1 అనే ప్లేన్ మూడు యాక్సిస్‌లనీ ఎక్కడ కోస్తుందో గీయండి.
☐ ఐ ప్లస్ జె, జె ప్లస్ కె. ఈ రెండింటి క్రాస్ ప్రాడక్ట్ కట్టండి. ఐ మైనస్ జె ప్లస్ కె రావాలి.
☐ ఎక్స్ స్క్వేర్ ఇంటు వై క్యూబ్‌ని ఎక్స్‌తో పార్షియల్‌గా డిఫరెన్షియేట్ చేసి, (1, 2) దగ్గర విలువ రాయండి. 16 రావాలి.

ఏడింట్లో ఆరు ఇంటర్ లెక్కలే. 1ఎ, 1బి, 2ఎ, 2బి పుస్తకాలతో చదివినవాళ్లకు ఎక్కడికి వెనక్కి వెళ్లాలో చెప్పడం తేలిక. మొదటిది తప్పితే 1బిలో సరళరేఖ, 2బిలో పరావలయం. రెండు, మూడు తప్పితే 2బిలో ఇంటిగ్రేషన్. నాలుగు, ఐదు తప్పితే 1బి. ఆరు తప్పితే 1ఎలో వెక్టర్లు. ఏడోది ఒక్కటే తప్పిందంటే సంతోషించండి, అది ట్యూటర్‌తో ఒక్క గంట పని.

డబుల్ ఇంటిగ్రల్ రావడం లేదని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఇంటిగ్రేషన్ బాగానే వచ్చు. రానిది బొమ్మ గీయడం. ఇది ముందే తెలిస్తే రెండు వారాల ఫీజు మిగులుతుంది.

2. ఎవరిని అడగాలి, ఏ వరసలో

మొదట మీ సెక్షన్‌కి చెప్పే లెక్చరర్. "నాకు క్లాసులో అర్థం కాలేదు" అని చెప్పడానికి మొహమాటపడి చాలామంది అసలు వెళ్లరు. స్టాఫ్ రూమ్‌కి వెళ్లి, "సార్, ఈ లెక్కలో ఇక్కడిదాకా వచ్చింది, తర్వాత లైను రావడం లేదు" అని కాగితం చూపిస్తే పది నిమిషాలు ఇవ్వని లెక్చరర్లు తక్కువ. పైగా పేపర్ దిద్దే కళ్లు ఎలా చూస్తాయో వాళ్లకే తెలుసు.

తర్వాత సీనియర్లు. మంచి మార్కులు వచ్చిన అన్ననో అక్కనో అడగండి. కానీ మార్కులు ఒక్కటే చూడకండి. ఒకసారి సప్లీ రాసి గట్టెక్కిన సీనియర్‌కి ఎక్కడ కాలు జారుతుందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

మూడోది, దగ్గర్లో యూనివర్సిటీ ఉంటే ఎంఎస్సీ మ్యాథ్స్, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు. వాళ్లకు వెక్టర్ కాలిక్యులస్ తేలికైన పని. రిటైరైన డిగ్రీ లెక్చరర్లు ఓపికగా చెబుతారు. ఆన్‌లైన్ ట్యూటర్లు ఆ తర్వాతే.

అమెరికాలో చదివేవాళ్లకు ఒక మాట. డబ్బు పెట్టకముందు ప్రొఫెసర్, టీఏల (టీచింగ్ అసిస్టెంట్ల) ఆఫీస్ అవర్స్‌కి, అంటే డౌట్లు అడగడానికి వాళ్లు కేటాయించిన గంటలకి వెళ్లండి. చాలా యూనివర్సిటీల్లో ఉచితంగా నడిచే మ్యాథ్ ట్యూటరింగ్ సెంటర్ ఉంటుంది. మనవాళ్లు ఆఫీస్ అవర్స్‌కి వెళ్లడం చిన్నతనంగా అనుకుంటారు. అది మీ ఫీజులో ఉన్నదే. ఇంకో విషయం, మార్కులు పడే హోంవర్క్‌ని ట్యూటర్‌తో చేయించుకుంటే అక్కడ అకడమిక్ ఇంటెగ్రిటీ కేసు, అంటే కాపీ కొట్టినట్టు కేసు కావచ్చు. అదే రకం వేరే లెక్క పట్టుకెళ్లి నేర్చుకోండి.

ఫీజు సంగతి క్లుప్తంగా: గంటకా, యూనిట్‌కా అన్నది మొదటే మాట్లాడుకోండి. సెమిస్టర్ మొత్తానికి ముందే కట్టకండి. మొదట రెండు గంటలకే మాట్లాడుకోండి.

3. డెమో క్లాసులో ఈ లెక్క ఇవ్వండి

ట్యూటర్ ఎలాంటివారో తెలియాలంటే ఒక్క లెక్క చాలు. ఫంక్షన్ ఈ-పవర్ వై స్క్వేర్. లోపలి ఇంటిగ్రల్‌లో వై, ఎక్స్ నుంచి 1 దాకా. బయట ఎక్స్, 0 నుంచి 1 దాకా.

ఉన్నది ఉన్నట్టు చేయబోతే ఇది కదలదు. ఈ-పవర్ వై స్క్వేర్‌కి మనకు తెలిసిన ఫంక్షన్లతో యాంటీడెరివేటివ్ రాయలేం. ఆర్డర్ మార్చాలి. రీజియన్ ఒక త్రిభుజం, మూలలు (0, 0), (0, 1), (1, 1). మార్చాక లోపల ఎక్స్ 0 నుంచి వై దాకా, బయట వై 0 నుంచి 1 దాకా. లోపలిది చేస్తే వై ఇంటు ఈ-పవర్ వై స్క్వేర్ మిగులుతుంది. అది 2బి లెక్క. జవాబు, ఈ మైనస్ 1, బై 2.

జవాబు వచ్చిందా లేదా అన్నది కాదు మీరు చూడాల్సింది. ఇవి చూడండి:

☐ లిమిట్స్ ముట్టుకోకముందు బొమ్మ గీశారా?
☐ గీసే పని మీకిచ్చారా, తానే గీసేశారా?
☐ "ఉన్నది ఉన్నట్టు ఎందుకు చేయలేం?" అని మీరు అడిగితే కారణం చెప్పారా, "ఇలాంటివి ఇలాగే చేయాలి" అన్నారా?
☐ మీరు తప్పు చేసినప్పుడు వెంటనే దిద్దారా, కాసేపు ఆగి మీకే కనిపించనిచ్చారా?

బొమ్మ లేకుండా లిమిట్స్ అటూ ఇటూ మార్చేసి జవాబు తెప్పించే ట్యూటర్ ఎంత తెలివైనవారైనా మీకు పనికిరారు. మర్యాదగా థాంక్స్ చెప్పి వచ్చేయండి.

4. ముందు రోజు రాత్రి

ఖాళీ చేతులతో వెళ్లి "ఈ యూనిట్ మొత్తం చెప్పండి సార్" అంటే గంటలో చివరికి మిగిలేది నోట్సే. రెండు లెక్కలు ఎంచుకోండి. ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు కుస్తీ పట్టండి. ఆగిపోయిన చోట అడ్డంగా ఒక గీత గీసి, ఎందుకు ఆగారో ఒక వాక్యం రాయండి. ఆ కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో ముందు రోజే పంపండి.

మెసేజ్ ఇలా ఉండొచ్చు: "సార్, రేపటికి రెండు లెక్కలు. మొదటిదాంట్లో బొమ్మ వచ్చింది, లోపలి లిమిట్ ఎందుకు వై నుంచి మొదలవుతుందో తెలియలేదు. రెండోదాంట్లో లాగ్రాంజ్ ఈక్వేషన్స్ మూడూ రాశాను, సాల్వ్ చేయడం రాలేదు."

కొట్టివేతలు చెరపకండి. ఫెయిర్ కాపీ పంపకండి. ట్యూటర్‌కి కావాల్సింది మీ తప్పు ఎలా పుట్టిందో చూడటం.

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఆ సంగతి కూడా ట్యూటర్‌కి చెప్పాలి. అవకలనం, సమాకలనం, సదిశ అన్న మాటలతో నేర్చుకున్నవాళ్లకు డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, వెక్టర్ అని విన్నప్పుడు మొదట్లో ఒక అర సెకను వెనకబడటం సహజం. మొదటి రోజే చెప్పేస్తే మంచి ట్యూటర్ రెండు మాటలూ కలిపి వాడతారు. నెల తిరిగేసరికి ఆ ఇబ్బంది పోతుంది.

5. గంట ఎలా నడవాలి

మొదటి ఐదు నిమిషాలు: పోయిన వారం లెక్క ఒకటి, నోట్సు మూసేసి మళ్లీ మొదటి నుంచి. రాకపోతే కొత్తది మొదలుపెట్టకండి.

తర్వాతి పది: మీరు పంపిన కాగితం. ట్యూటర్ చెప్పకముందు మీరే నోటితో చెప్పాలి, ఏం చేశారు, ఎందుకు చేశారు అని. చెబుతుండగానే సగం తప్పులు మీకే దొరుకుతాయి.

ఆ తర్వాత పాతిక నిమిషాలు ఒకే ఒక్క లెక్క. పెన్ను మీ చేతిలో. ఆగినప్పుడు ట్యూటర్ తర్వాతి లైను ఇవ్వకూడదు, ప్రశ్న ఇవ్వాలి: "ఇక్కడ ఎక్స్‌ని కదలకుండా పట్టుకుంటే వై ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది?" మీ ట్యూటర్‌కి ఈ అలవాటు లేకపోతే అడగండి. "సార్, జవాబు చెప్పకండి, చిన్న హింట్ ఇవ్వండి" అంటే ఎవరూ బాధపడరు.

తర్వాత పదిహేను నిమిషాలు అలాంటిదే ఇంకో లెక్క, ట్యూటర్ నోరు మెదపకుండా. ఈ మౌనం కష్టంగా ఉంటుంది, ముఖ్యంగా ట్యూటర్‌కి. కానీ పరీక్ష హాల్లో మీ పక్కన ఉండేది ఆ మౌనమే.

చివరి ఐదు నిమిషాల్లో ఈ రోజు చేసిన తప్పు ఒకటి మీ మాటల్లో రాసుకోండి.

6. ఏ టాపిక్‌లో ఏం అడగాలి

అన్ని టాపిక్‌లకూ సమానంగా గంటలు పంచకండి. లిమిట్స్, పార్షియల్ డెరివేటివ్స్‌కి ఒకటి రెండు గంటలు చాలు. ఇంటిగ్రల్స్ రీజియన్లకు, వెక్టర్ కాలిక్యులస్‌కి మిగతాదంతా పెట్టండి.

లిమిట్స్. ఒక దారిలో వెళ్తే వచ్చిన విలువే జవాబు అనుకోవడం ఇక్కడి తప్పు. ఎక్స్ స్క్వేర్ వై, బై, ఎక్స్ పవర్ 4 ప్లస్ వై స్క్వేర్ తీసుకోండి. సున్నా బిందువుకి ఏ సరళరేఖ మీద వెళ్లినా 0 వస్తుంది. వై = ఎక్స్ స్క్వేర్ మీద వెళ్తే 1 బై 2. కాబట్టి లిమిట్ లేదు. ఈ ఒక్క లెక్క ట్యూటర్ ముందు మీరు చేయగలిగితే ఈ టాపిక్ అయినట్టే.

చెయిన్ రూల్. ఫార్ములా బట్టీ పట్టకండి. పైన జెడ్, కింద ఎక్స్, వై, వాటి కింద టి. చెట్టు కొమ్మల్లా గీసి, ప్రతి కొమ్మ మీదా డెరివేటివ్ రాయండి. ఒక దారిలో ఉన్నవి గుణించి, దారులన్నీ కూడండి.

మాక్సిమా మినిమా. ఎక్స్ క్యూబ్ ప్లస్ వై క్యూబ్ మైనస్ 3ఎక్స్‌వై మీద ప్రాక్టీస్ చేయండి. (0, 0), (1, 1) వస్తాయి. ఇక్కడ ఆర్, టీ అంటే ఎక్స్‌తో రెండుసార్లు, వైతో రెండుసార్లు తీసిన పార్షియల్ డెరివేటివ్స్, ఎస్ అంటే రెండింటితో ఒక్కోసారి తీసినది. ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్ మొదటిదాని దగ్గర మైనస్ 9, అంటే సాడిల్. రెండోదాని దగ్గర 27, ఆర్ విలువ 6, అంటే మినిమమ్, విలువ మైనస్ 1. ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్ పాజిటివ్ రాగానే "మాక్సిమమ్" అని రాసేసి ఆర్ గుర్తు చూడకపోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. సాడిల్ అంటే ఏమిటో కంటితో చూడాలంటే జియోజీబ్రా త్రీడీ అనే యాప్‌లో ఎక్స్ స్క్వేర్ మైనస్ వై స్క్వేర్ గీసి వేలితో తిప్పండి, గుర్రపు జీను కనిపిస్తుంది. అది ఉచితం, ఫోన్‌లోనూ నడుస్తుంది.

లాగ్రాంజ్ (ఒక షరతు మీద గరిష్ఠం, కనిష్ఠం కనుక్కునే పద్ధతి). ఈక్వేషన్స్ రాయడం అందరికీ వస్తుంది, తప్పు జరిగేది సాల్వ్ చేసేటప్పుడు. ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ = 3 మీద ఎక్స్ స్క్వేర్ వై గరిష్ఠం ఎంత? మొదటి ఈక్వేషన్ 2ఎక్స్‌వై = 2 లాంబ్డా ఎక్స్. ఇక్కడ రెండు వైపులా ఎక్స్‌తో భాగించేస్తారు. ఎక్స్ సున్నా అయితే? ఆ కేసు పోతుంది. ఈ లెక్కలో గరిష్ఠం 2, కనిష్ఠం మైనస్ 2, అవి ఎక్స్ సున్నా కాని కేసులోనే వస్తాయి కాబట్టి తప్పు బయటపడదు. ఇంకో లెక్కలో జవాబే పోతుంది. భాగించే ముందు "ఇది సున్నా కావచ్చా?" అని పక్కన రాసే అలవాటు చేయించమని ట్యూటర్‌ని అడగండి.

డబుల్ ఇంటిగ్రల్స్. ఒకే పద్ధతి: బొమ్మ గీయండి, రీజియన్ గుండా ఒక బాణం వేయండి. లోపలి వేరియబుల్ వై అయితే బాణం నిలువుగా. బాణం లోపలికి దూరే గీత కింది లిమిట్, బయటికి వచ్చే గీత పై లిమిట్. తర్వాత ఆ బాణం ఎడమ నుంచి కుడికి ఎంత దూరం జరగగలదో చూడండి. అది బయటి లిమిట్, అందులో వేరియబుల్ ఉండకూడదు, సంఖ్యలే ఉండాలి. బయటి లిమిట్‌లో ఎక్స్ కనిపిస్తే అక్కడే ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

పోలార్‌లోకి మారినప్పుడు డీఆర్ డీతీటాని ఆర్‌తో గుణించడం మరచిపోవడం దాదాపు అందరూ చేసేదే. దీనికి మందు ఒకటుంది. వ్యాసార్ధం ఎ ఉన్న వృత్తం వైశాల్యం ఆర్ పెట్టి కడితే పై ఎ స్క్వేర్. ఆర్ లేకుండా కడితే 2 పై ఎ. రెండోది పొడవు, వైశాల్యం కాదు. జవాబు యూనిట్లు చూసుకుంటే తప్పు దానంతటదే దొరుకుతుంది.

ట్రిపుల్ ఇంటిగ్రల్స్. మీ గది మూలకి వెళ్లండి. నేల ఒక ప్లేన్, రెండు గోడలు రెండు ప్లేన్లు. మూలకి ఒక అట్టముక్క ఏటవాలుగా ఆనించండి. అదే ఎక్స్ ప్లస్ వై ప్లస్ జెడ్ = 1. అట్ట వెనక ఉన్న చోటు మీ రీజియన్. జెడ్ నేల నుంచి అట్ట దాకా, అంటే 0 నుంచి 1 మైనస్ ఎక్స్ మైనస్ వై. నేల మీద పడే నీడ త్రిభుజం, అందులో వై 0 నుంచి 1 మైనస్ ఎక్స్, ఎక్స్ 0 నుంచి 1. ఘనపరిమాణం 1 బై 6. మూడింటికీ 0 నుంచి 1 రాస్తే మొత్తం క్యూబ్ వచ్చేస్తుంది, జవాబు 1. ఈ బొమ్మ ఒకసారి చేత్తో పట్టుకున్నవాళ్లు మళ్లీ ఆ తప్పు చేయడం నేను చూడలేదు.

స్ఫెరికల్‌లో ఒక జాగ్రత్త. తీటా, ఫై ఏ కోణానికి ఏదన్నది పుస్తకానికి, పుస్తకానికి మారుతుంది. ట్యూటర్ పుస్తకం, మీ కాలేజీ నోట్సు ఒకే పద్ధతిలో ఉన్నాయా లేదా మొదటి రోజే తేల్చుకోండి. లేకపోతే జాకోబియన్‌లో (వేరియబుల్స్ మార్చినప్పుడు గుణించాల్సిన దాంట్లో) సైన్ పక్కన తప్పు కోణం పడుతుంది.

గ్రీన్, స్టోక్స్, గాస్ థియరమ్స్. స్టేట్‌మెంట్ రాసి మార్కులు తెచ్చుకోవడం వేరు, లెక్క చేయడం వేరు. గ్రీన్‌లో దారి యాంటీక్లాక్‌వైజ్ తిరుగుతోందా చూడండి. స్టోక్స్‌లో కుడిచేతి వేళ్లు దారి వెంట మడిస్తే బొటనవేలు నార్మల్ చూపిస్తుంది. గాస్‌లో సర్ఫేస్ మూసి ఉండాలి. అర్ధగోళం ఇచ్చి కేవలం వంపు భాగం మీద ఫ్లక్స్ అడిగితే, కింది మూత కలిపి గాస్ వాడి, తర్వాత మూతది తీసేయాలి. వ్యాసార్ధం 1 ఉన్న పై అర్ధగోళం, ఎఫ్ = (జెడ్ ప్లస్ 1) కె. డైవర్జెన్స్ 1, మొత్తం ఫ్లక్స్ 2 పై బై 3. మూత మీద నార్మల్ కిందికి, అక్కడ ఫ్లక్స్ మైనస్ పై. కాబట్టి వంపు భాగానిది 5 పై బై 3. మూత మరచినవాళ్లు 2 పై బై 3 రాసి లేచి వస్తారు. ఈ లెక్క ట్యూటర్ ముందు మీరే చేయండి, తర్వాత వంపు మీద నేరుగా కట్టి అదే వస్తుందా చూడండి.

7. ఆన్‌లైన్‌లో అయితే

ముఖాలు కనిపించక్కర్లేదు, మీ కాగితం కనిపించాలి. ఫోన్‌ని రెండు పుస్తకాల దొంతుల మీద అడ్డంగా పెట్టిన స్కేలుకి ఆనించి, కెమెరా కిందికి చూసేలా పెట్టండి. మాట ల్యాప్‌టాప్‌లో వినండి. నల్ల ఇంకు, గీతల్లేని కాగితం, కిటికీ వెలుతురు. ట్యూటర్ స్క్రీన్ మీద రాస్తుంటే చూస్తూ కూర్చునే పద్ధతికి ఒప్పుకోకండి.

8. క్లాసయ్యాక

☐ అదే రోజు రాత్రి, ఆ లెక్కలు తెల్లకాగితం మీద చూడకుండా.
☐ మూడు రోజులకు మళ్లీ, సంఖ్యలు మార్చి.
☐ తప్పుల పుస్తకంలో ఒక లైను: "బయటి లిమిట్‌లో ఎక్స్ వదిలేశాను" లాగా. "సిల్లీ మిస్టేక్" అని మాత్రం రాయకండి, దాంతో ఏదీ దిద్దుకోలేరు.
☐ పాత క్వశ్చన్ పేపర్ నుంచి ఆ టాపిక్ లెక్క ఒకటి, గడియారం పెట్టుకుని.

9. ఫలితం కనిపించకపోతే

ట్యూటర్‌తో నాలుగు గంటల క్లాసులయ్యాక, మొదటి రోజు చేసిన ఏడు లెక్కలు, డెమోలో చేసిన ఆర్డర్ మార్చే లెక్క మళ్లీ చేయండి. ఇంటర్ లెక్కలే ఇంకా తప్పుతుంటే ట్యూటర్‌ని మార్చినా లాభం లేదు. "సార్, రెండు వారాలు 2బి చేద్దాం" అని చెప్పండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అవి వచ్చి కొత్త టాపిక్‌లు రాకపోతే, పోయిన గంటలో మీరు ఎన్ని లైన్లు రాశారో నోట్సులో లెక్కపెట్టండి. ట్యూటర్ చేతిరాత మీ చేతిరాత కన్నా ఎక్కువ ఉంటే ఆ విషయం నేరుగా మాట్లాడండి. ఇంకో రెండు గంటలు చూసి మారండి.

మిడ్ ఎగ్జామ్‌కి మూడు రోజుల ముందు ట్యూటర్‌ని మొదలుపెట్టేవాళ్లకు: కొత్త టాపిక్ ఏదీ ముట్టుకోకండి. మీకు సగం వచ్చిన టాపిక్ ఒక్కటి తీసుకుని దాన్ని పూర్తి చేయించుకోండి. పరీక్ష ముందు రోజు ట్యూషన్ పెట్టుకోకండి. ఆ సాయంత్రం తప్పుల పుస్తకం ఒకసారి చదివి, ఆర్డర్ మార్చే లెక్క ఒకటి, అర్ధగోళం లెక్క ఒకటి ఒంటరిగా చేసి పడుకోండి.